కొబ్బరికాయ కుస్తీ

బాన్సువాడ బస్టాండు ముందు బజ్జీల బండి పెట్టే సింధుజను ఎరగనివాళ్లు ఆ ఊళ్లో బస్సెక్కనివాళ్లే. మిరపకాయ చీల్చి, వాము కూరి, పిండిలో ముంచి నూనెలో వదిలేదాకా ఆమె చెయ్యి ఆగదు. వదిలాక నోరు ఆగదు. బజ్జీ చల్లారిందని ఎవరైనా అన్నారా, "నువ్వొచ్చేదాకా ఊదుకుంట కూసోవాల్నా అన్నా?" అని అడుగుతుంది. మొగుడు కృష్ణ వరికోత మిషన్ నడుపుతాడు. కోతల కాలం వస్తే నిజాంసాగర్ కాలువ ఎంత దూరం పారుతుందో అతనూ అంత దూరం పోతాడు. ఇంట్లో మిగిలేది సింధుజ, అత్త పోసవ్వ, ఎనిమిదేళ్ల కొడుకు పండరి.

ఆ పండరికి కుస్తీ పిచ్చి. ఊరి జాతరలో సాయంత్రమైతే పెద్ద పహిల్వాన్లు వెండి కడెం కోసం కుస్తీ పడతారు. మొదలయ్యేది మాత్రం పిల్లలతో, కొబ్బరికాయ మీద. గెలిచినవాడికి ఒక కాయ, వాడి పేరు మీద కాస్త డప్పు. అంతే. ఆ కాయ కోసం పండరి ఏటా ఎర్రమట్టిలోకి దిగుతాడు, ఏటా వెల్లకిలా పడతాడు. రెండు భుజాలూ నేలకు తగిలాయంటే ఓడినట్టే. పోయినేడు ఓడటమే కాదు, కుడి భుజం కూడా జారింది. కట్టు కట్టించి ఇంటికి తెచ్చిన రోజే సింధుజ మాట తేల్చేసింది.

"ఇగ ఒక్కసారి. వచ్చేయేడు ఓడినవనుకో, ఆ మట్టిల మళ్ల కాలు పెట్టేది లేదు. సమజైందా?"

"గెలిస్తే?"

"గెలిస్తె నీ ఇష్టం."

పిల్లవాడు ఏడవలేదు, బతిమాలలేదు. కట్టు విప్పిన తర్వాత, తల్లి బండి మూసి ఇల్లు చేరేసరికి చాప పరిచి బోర్లా పడుకుని ఉండేవాడు.

"అమ్మా, నా మీద కూసొని నన్ను మలుపు."

కాళ్లు ఎడంగా చాపి, వేళ్లు నేలకు గుచ్చి, గడ్డం ఆనించి అతుక్కునేవాడు. మొదట్లో సింధుజ అట్టు తిప్పినట్టు ఒంటిచేత్తో తిప్పేసేది. పోను పోను రెండు చేతులు కావాల్సి వచ్చాయి, ఆ మీద మోకాలు. పోసవ్వ గడపలో కూర్చుని నవ్వేది.

"గంత బండి నూకుతవు, గింత పోరన్ని మలుపరాదా నీకు?"

"నువ్వు రా అత్తా, నువ్వే మలుపు!"

చివరికి ఒకనాడు సింధుజ ఒళ్లంతా చెమటై, నడుం పట్టుకుని లేచి నిలబడింది. పిల్లవాడు ఇంకా బోర్లానే ఉన్నాడు.

జాతర రోజు రానే వచ్చింది. పొద్దున్నే కొడుకును పీట మీద కూర్చోబెట్టి ఆమె నువ్వులనూనె గిన్నె తీసింది. జారిన భుజం మళ్లీ ఎక్కడ జారుతుందోనని ఆమె భయం.

"వద్దమ్మా, నూనె పెడ్తె ఉస్తాద్ బరిలకు దిగనియ్యడు."

"పండుగ పూట నూనె పెట్టని తల్లుంటదారా? ఉస్తాద్‌తోని నేను మాట్లాడ్త. సప్పుడు జెయ్యక కూసో."

భుజంతో మొదలుపెట్టి, ప్రేమ పొంగి, ఒళ్లంతా పట్టించింది. పైన రెండు చెంబులు నీళ్లు కుమ్మరించి, స్నానమైందనుకుంది.

మధ్యాహ్నానికి బండిని కుస్తీ బరి పక్కకే తోసుకుపోయింది. డప్పు మోగింది. పండరికి జోడీగా సరిహద్దు అవతలి దెగ్లూర్ నుంచి వచ్చిన విఠల్ అనే పిల్లవాడు దొరికాడు. వయసు ఒకటే గాని, వాడి తొడలో సగం లేడు పండరి. పోటీలు నడిపే మైబూ ఉస్తాద్ ఇద్దరి వీపులూ తడిమాడు. పండరిని తడిమిన చెయ్యి ఎత్తి ఎండకు పట్టాడు. తళతళలాడింది.

"ఏందిరా గిది? పట్టు జారాల్నని నూనె రాసుకొచ్చినవా? చల్, బయటికి నడువ్!"

జనం గొల్లుమన్నారు.

"నూనె పహిల్వాన్!"

"బజ్జీల మూకుట్లకెల్లి సీదా తెచ్చినట్టున్నరు!"

పండరి తల్లి వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. కోపం లేదు. చెప్పాను కదా అన్నట్టు ఉంది. జల్లిగరిటె విసిరేసి, ఆడవాళ్లెవరూ రాని ఆ బరి అంచుదాకా వచ్చింది సింధుజ.

"ఉస్తాద్, నూనె పెట్టింది నేను. వాడు వద్దనే అన్నడు. నా తప్పుకు వాన్నెట్ల ఎల్లగొడ్తవు?"

"అయితే నిన్ను దించుమంటవా బిడ్డా?"

"దించు, నాకేం భయం? కాని ముందుగాల ఇంకో జోడీని దించు. గంతట్ల మావోని ఒంటిమీద నూనె సుక్క లేకుంట తెస్త."

ఉస్తాద్ గడ్డం గోక్కుని, నవ్వు దాచుకున్నాడు. "గా జోడీ అయ్యేదాకనే. తర్వాత ఆగ."

ఇక చూడాలి సింధుజను! బండి కిందనుంచి శనగపిండి డబ్బా లాగి కొడుకు నెత్తిన బోర్లించింది. పోసవ్వ లబోదిబోమంది.

"అయ్యో, గది సాయంత్రం బజ్జీల పిండే!"

"బజ్జీలు రేపైనా ఏగుతయి. వీని కుస్తీ రేపుంటదా? నీళ్లు పొయ్యి అత్తా!"

మెడ, వీపు, చంకలు, పిక్కలు, అన్నీ చర్మం ఎర్రబడేలా తోమింది. తుడవటం అయ్యీ అవగానే పరుగెత్తి ఎర్రమట్టిలో తానే దొర్లాడు. ఉస్తాద్ మళ్లీ తడిమి చూశాడు. చేతికి మన్నే అంటింది.

"దిగు."

దిగడమే తడవు, విఠల్ వాణ్ణి ఎత్తి బోర్లా పడేశాడు. మీద కూర్చుని మెడ గుంజాడు, నడుం గుంజాడు, కాలు మడిచాడు. దెగ్లూర్ వాళ్లు మరాఠీలో కేకలు, మనవాళ్లు తెలుగులో నిట్టూర్పులు.

"అయిపోయింది పోరని పని," అన్నాడు బండి దగ్గర ఒకడు.

"నోర్మూసుకొని చూడు!" అంది సింధుజ.

జనానికి కనబడింది ఓడిపోతున్న పిల్లవాడు. ఆమెకు కనబడింది చాప మీది పిల్లవాడు. ఆ గడ్డం, ఎడంగా చాపిన ఆ కాళ్లు, నేలకు గుచ్చిన ఆ వేళ్లు ఆమెకు తెలియనివా? వాణ్ణి మలపబోయి తన నడుమే పట్టేసింది. పొద్దుటి భయం ఎటు పోయిందో పోయింది. ఇందాక మూకుట్లో వదిలేసిన బజ్జీలు మాడి పొగలొస్తున్నా ఆమె చూపు తిప్పలేదు.

డప్పు కొట్టేవాడు చెయ్యి మార్చుకున్నాడు. విఠల్ ఆయాసపడుతున్నాడు. విసుగొచ్చి, ముందుకు వంగి, పండరి చంక కింద చెయ్యి దూర్చాడు. ఆ చేతి కోసమే కాచుకున్నట్టు పండరి దాన్ని చంకలో బిగించి, ఉన్న బలమంతా పెట్టి పక్కకు దొర్లాడు. పైనున్నవాడు కిందికి పోయాడు. కిందివాడు పైకొచ్చాడు. విఠల్ రెండు భుజాలూ మట్టిని తాకాయి.

"చిత్!" ఉస్తాద్ అరుపు డప్పులో కలిసిపోయింది.

ఇందాక నూనె పహిల్వాన్ అన్నవాళ్లే వాణ్ణి భుజాలకెత్తుకున్నారు. పండరి ఆ భుజాలు దిగి, విఠల్‌కు చెయ్యిచ్చి లేపి, కాయ పట్టుకుని బండి దగ్గరికి ఉరికివచ్చాడు. ముఖంలో పళ్లు తప్ప అంతా మన్నే.

"ఇగ నా ఇష్టం కదనే?"

"నీ ఇష్టమే బిడ్డా," అంది సింధుజ. కొంగుతో వాడి ముఖం మీది మన్ను తుడిచింది.

"నాల్గు బజ్జీలియ్యక్కా," అన్నాడు అప్పుడే వచ్చినవాడెవరో.

సింధుజ కొడుకు చేతిలోని కాయ అందుకుంది.

"బజ్జీల్లేవు. పిండంత మా పహిల్వాన్ ఒంటికే అయింది." బండి చక్రం పక్కన రాయి మీద కాయను ఠప్పున కొట్టి, పెద్ద చిప్ప కొడుకు చేతిలో పెట్టి, చిన్నది ఆ వచ్చినవాడి వైపు చాచింది. "నీకు కొబ్బరి ఇస్త. తిని, ఎవరు గెల్చిండ్రో ఊరంత చెప్పు."