పాత పేరున వచ్చిన మూడు మెయిళ్ళు

అల్లూరులో అక్కా నేనూ కలిసి రొయ్యల ల్యాబ్ నడిపిన రోజుల్లో మెయిల్ పనంతా ఆమే చూసుకునేది. సొంత అక్క కాదు. అంతకు ముందు ఇద్దరం రొయ్య పిల్లల్ని పొదిగించే ఒకే హేచరీలో టెక్నీషియన్లుగా పనిచేశాం. నాకంటే పదేళ్ళు పెద్దది. సాయిబుల ఇంటి ఆడపిల్ల, పెళ్ళి చేసుకోలేదు. ల్యాబ్‌కు పేరు పెట్టిందీ, ఆ పేరు మీద డొమైన్ తీసుకున్నదీ ఆమే. ఆఫీసుకు ఒక మెయిల్ అడ్రసు చేసింది, తనకొకటి, నాకొకటి. నా అడ్రసుకు రాసే మనిషి ఆమె ఒక్కతే. పక్క గదిలో పరీక్షల మెషీన్ ముందు కూర్చుని, రిపోర్టు బయటికి పోయే ముందు ఒకసారి చూడమని పంపేది. చివర ఇంకో లైను కూడా ఉండేది. అన్నం తిన్నావా అనో, బయట కూర్చున్న రైతు కోపంగా ఉన్నాడు, నువ్వు మాట్లాడు అనో.

రైతులు రొయ్య పిల్లను గుంటలో వదిలే ముందు కొద్దిగా సంచిలో పోసి మా దగ్గరికి తెచ్చేవాళ్ళు. తెల్లమచ్చ జబ్బు ఉందో లేదో చూసి చెప్పడం మా పని. సంచి తీసుకుని, నెంబరు అంటించి, రిజిస్టర్లో రాసేది నేను. పరీక్ష చేసేది అక్క.

ఒకసారి అల్లూరు రైతు ఒకాయన తెచ్చిన పిల్లకు జబ్బు లేదని రిపోర్టిచ్చాం. ఆయన గుంటలో వదిలాడు. నెల తిరక్కుండానే రొయ్యలన్నీ మచ్చలు పడి గట్టుకు కొట్టుకొచ్చాయి. ల్యాబ్‌కు వచ్చి అందరి ముందూ నిలదీశాడు. పరీక్ష చేసింది ఆమేనని నేను అక్కను చూపించాను. ఆయన వెళ్ళిపోయాక ఆమెతో అన్నాను. "ఇంక నీ చేత్తో రిపోర్టు పోకూడదక్కా."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి, "నేను చూసింది చూసినట్టే రాసినా" అనింది. మర్నాటి నుంచి రాలేదు. రెండు మూడుసార్లు ఫోన్ చేసింది. కోపంలో ఆమె నెంబరు బ్లాక్ చేశాను. వాకాడులో తమ్ముడింటికి వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు.

ల్యాబ్ పేరు చెడిపోయింది. నేను దాన్ని వెంకటాచలం దగ్గర హైవే పక్కకి మార్చి, కొత్త పేరు పెట్టి, కొత్త డొమైన్ తీసుకున్నాను. పాత పేరుకు వచ్చే మెయిళ్ళు కూడా కొత్త పెట్టెలోనే పడేలా చేయమని నెల్లూరు నుంచి వచ్చిన కంప్యూటర్ ఆయనకు చెప్పాను. ఆఫీసు అడ్రసుకు ఆ ఏర్పాటు చేసి, పాత పేరు మీద ఇంకేమైనా అడ్రసులున్నాయా మేడం అని అడిగాడు. లేవన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. అక్క వెళ్ళిపోయాక ఎప్పుడూ తెరవని నా అడ్రసు ఒకటి ఉందన్న సంగతే ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు రెండు పేర్ల మీదా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. పాత రైతులు పాత పేరుకే రాసేవాళ్ళు, నేను కొత్త పేరుతో జవాబిచ్చేదాన్ని. ఏదీ తప్పిపోవడం లేదనే అనుకున్నాను.

పోయిన ఏడాది పాత డొమైన్ గడువు దగ్గరపడింది. ఉంచుకుంటారా వదిలేస్తారా అని కంప్యూటర్ ఆయన ఫోన్ చేశాడు. వదిలేయమన్నాను. మూసేసే ముందు ఒకసారి లోపల చూసి మళ్ళీ చేశాడు. మీ పేరు మీద ఒక పెట్టె ఉంది మేడం, తెరవని మెయిళ్ళు మూడు ఉన్నాయి అన్నాడు.

మూడూ అక్క రాసినవే.

మొదటిదానికి ఒక ఫోటో జతచేసి ఉంది. మెషీన్ పని మొదలుపెట్టే ముందు బల్ల మీద సంచులన్నీ వరసగా పేర్చి ఫోన్లో ఫోటో తీసుకోవడం ఆమెకు అలవాటు. అల్లూరు అని రైతు రాసుకొచ్చిన సంచి మీద నేను అంటించిన నెంబరు పదిహేను. అదే రోజు రిజిస్టర్లో అల్లూరు పక్కన నేను రాసింది పద్నాలుగు. ఇద్దరు రైతుల నెంబర్లు తారుమారు చేసి, జబ్బున్న పిల్లకు లేదని రిపోర్టు పోయేలా చేసింది నేను. ఆమె రాసిన మాటలు ఇవి: "నీ తప్పని చెప్పడానికి రాయడం లేదు. ఇంకోసారి జరక్కుండా సంచికి అంటించే చీటీ మీద నెంబరుతో పాటు ఊరి పేరు కూడా రాయించు."

రెండోది ఏడు నెలల తర్వాత రాసింది. గొంతులో గడ్డ తీశారనీ, మాట రావడం లేదనీ, అందుకే ఫోన్ చేయలేననీ. కొత్త ల్యాబ్‌లో ఏసీ సరిగా పనిచేస్తోందా, మెషీన్‌కు వేడి పనికిరాదు అని కూడా రాసింది.

మూడోదాంట్లో ఒకటే లైను. "వీలుంటే ఒకసారి రా."

మర్నాడు పొద్దున్నే వాకాడు వెళ్ళాను. తమ్ముడు టైలరు, ఇంటి ముందు గదిలోనే షాపు. నేనెవరో చెప్పగానే కుట్టుమిషన్ ఆపి కుర్చీ వేశాడు. అక్క పోయి అయిదు నెలలైందన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. చివర్లో ఆమె పలక మీద రాసి మాట్లాడేదట. ల్యాబ్‌లో ఆమె, అంటే నేను, జవాబు రాసిందా అని ఇతను అడిగితే, చదివే ఉంటుంది, పని ఎక్కువ దానికి, అని రాసి చూపించిందట.

"నేను చదవలేదు తమ్ముడూ" అన్నాను. ఎందుకు చదవలేదో చెప్పబోయాను. పాత పేరు, కొత్త పేరు, పెట్టెలు, ఏవేవో చెప్పాను. అతను మర్యాదగా తలూపుతూ విన్నాడు గానీ అర్థమైనట్టు లేదు. చెప్పేకొద్దీ నాకే అది సాకులాగా వినిపించింది. ఆపేశాను. ఖబరస్తాన్ గోడ దాకా తీసుకెళ్ళి, వేపచెట్టుకు ఎడమ పక్కనున్న మట్టిదిబ్బే అక్కదని చూపించాడు.

తిరుగు దారిలో నేరుగా అల్లూరు పోయాను. ఆ రైతు గుంట గట్టు మీద మేత చల్లిస్తున్నాడు. ఫోన్లో ఫోటో చూపించి, ఆరోజు తప్పు నాది, ఆమెది కాదు, వాకాడులో తమ్ముడింట్లో ఆమె చనిపోయి అయిదు నెలలైంది అని చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన ఫోటో చాలాసేపు చూశాడు.

"ఆయమ్మ ల్యాబ్ మానేసినాక బస్టాండులో కనపడింది మేడం" అన్నాడు. "జనం చూస్తుండగా నోటికొచ్చినట్టు మాట్లాడినా. తలొంచుకుని నిలబడింది. ఆ మాటలు నేను ఎట్ట వెనక్కి తీసుకునేది?"

వాకాడులో ఆ తమ్ముడిల్లు ఎక్కడ అని అడిగాడు. చెప్పాను.

పాత డొమైన్ వదిలేయలేదు. నా పాత అడ్రసును కూడా కొత్త పెట్టెలోకే కలిపించాను. దానికి రాసేవాళ్ళెవరూ లేరు.

తర్వాతి శుక్రవారం తమ్ముడు ఫోన్ చేశాడు. అల్లూరు నుంచి ఒకాయన వచ్చి, ఖబరస్తాన్ గోడ దగ్గర చాలాసేపు నిలబడి వెళ్ళాడని చెప్పాడు. ఏమైనా మాట్లాడాడా అని నేను అడగలేదు.