రంగు గంగాళంలో మునగాకు

నా ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. నాలుగేళ్లుగా అడుగుతున్నాను. ఒకాయన నవ్వాడు, ఒకాయన "చూద్దాం" అన్నాడు, ఇంకొకాయన నేను మాట్లాడుతుండగానే ఫోన్ ఎత్తి అటు తిరిగాడు. ముగ్గురి ముఖాలూ నాకు గుర్తున్నాయి. నేను సాయం అడగలేదు. మా రంగునీళ్లలో ఏముంది, కడుపుతో ఉన్న నా కూతురికి మేం తాగించిన ఆకు ఆమెను కాపాడిందా, చెరిపిందా అని అడిగాను. అంతే.

మాది నల్లగొండ దిక్కున మగ్గాల ఊరు. ముందు గదిలో మగ్గం, వెనక రేకుల కొట్టంలో రంగుల పని. నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట రబ్బరు చుట్టి, వేడి రంగులో ముంచుతాం. చేతి తొడుగులు ఒకసారి ఇచ్చారు. వాటితో నూలు జారిపోతుందని మేమే మూలన పడేశాం. నా కూతురు నాలుగో నెలలో పుట్టింటికి వచ్చింది. ఊరికే కూర్చోమంటే వినలేదు, నూలు ముంచే పనిలో దిగింది. ఆమె గోళ్ల చుట్టూ నీలం ఎప్పుడూ పోదు. పెళ్లినాడు గోరింటాకు పక్కన కూడా కనబడింది.

ఆమె వచ్చిన వారంలోనే ఒక కాలేజీ నుంచి ముగ్గురు వచ్చి మా రంగు తొట్టి నీళ్లు సీసాలో పట్టుకున్నారు. కొన్ని రంగుపొడుల్లో సీసం, క్రోమియం లాంటి లోహాలుంటాయని, తల్లి ఒంట్లో చేరితే కడుపులో పిల్లదాకా పోగలవని వాళ్లే చెప్పారు. నాకు అప్పటిదాకా తెలియదు.

"మరి ఏం జెయ్యాలె సార్?" అన్నాను.

వాళ్లలో పెద్దాయన బూట్ల లేసులు కట్టుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు: "మునగాకు, ఉసిరికాయ వాడండి పెద్దాయనా, మంచిది. ఫలితం రాగానే చెప్తాం."

సీసా వేరేవాటిలో కలిసిపోకుండా దాని మెడకు నేనే పసుపు నూలుపోగు కట్టి ఇచ్చాను.

ఆ ఒక్క మాట పట్టుకుని మా అమ్మ కషాయం మొదలుపెట్టింది. నాలుగు పాళ్ల నీళ్లు ఒక పాలు అయ్యేదాకా మరగాలి. రెండు మూడు రోజులకు సరిపడా ఒకేసారి కాద్దామంటే ఇంట్లో అంత పెద్ద గిన్నె లేదు. కొట్టంలో రంగు కాచే రాగి గంగాళం ఉంది. దాన్ని తోమింది నేనే. చింతపండు, బూడిద వేసి పొద్దంతా తోమాను. రంగు మార్చేటప్పుడు మేం అలాగే తోముతాం. ఎరుపులోకి నీలం దిగకపోతే గంగాళం శుభ్రమైనట్టే లెక్క. నా చేతికి తెలిసిన శుభ్రం అదొక్కటే. పదిహేను రోజులు, నా కూతురికి రోజూ పొద్దున ఒక గ్లాసు. ఉసిరికాయ కూడా దాంట్లోనే ఉడికింది.

పదహారో నాడు మా వాడ ఆశా కార్యకర్త నా కూతుర్ని చూడటానికి వచ్చి పొయ్యి దగ్గర ఆగింది.

"అవ్వా, గిండ్ల ఏం కాస్తున్నవు?"

"మందు బిడ్డా. జర నువ్వు గూడ తాగు, మొఖం పీక్కపోయింది," అంది మా అమ్మ.

"గిది రంగు గంగాళం గాదా? అంచు కింద నీలం గట్లనే ఉన్నది!"

"నా కొడుకు తోమిండు. అద్దం లెక్క లేదా?"

కార్యకర్త నా వైపు తిరిగింది. "అద్దమైతే మొఖం జూస్కో మామా, మందు కాస్తరా? పులుపేసి ఉడికిస్తే దాంట్ల ఉన్నదంత మందులకే దిగుతది."

నా కూతురు చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "బాపూ, ఇయ్యాల్టిది సగం తాగిన," అంది. ఆ మాట నాకింకా వినబడుతూనే ఉంది.

వెంటనే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ తిట్టలేదు. "మునగాకు కూర వండుకుని తింటే తప్పు లేదు. అది లోహాన్ని ఆపుతుందని మాత్రం నేను రాసివ్వలేను. ఎలుకల మీద చేసిన పరీక్షలు ఉన్నాయంటారు. కడుపుతో ఉన్న ఆడవాళ్ల సంగతి ఎవరైనా తేల్చారో లేదో నాకు తెలియదు. ఐరన్ గోలీలు మానొద్దు, కొట్టంలో అడుగు పెట్టనీయొద్దు. సీసా ఫలితం తీసుకురండి. ఏ లోహమో తెలిస్తే పట్నంలో దానికి నెత్తురు పరీక్ష రాస్తాను," అంది. తెలియదని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె మీద నాకు కోపం లేదు.

కాలేజీకి మూడుసార్లు పోయాను. మొదటిసారి సారు మీటింగులో ఉన్నారన్నారు. రెండోసారి బెంచీ మీద పొద్దంతా కూర్చోబెట్టారు. మూడోసారి, "ఏ సీసా?" అన్నారు.

మనవరాలు తక్కువ బరువుతో పుట్టింది. మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఇప్పుడు మగ్గం కింద దూరి దాక్కుంటుంది, పిలిస్తే పలకదు, నవ్వుతుంది. గంగాళం వల్లనా, తొట్టి వల్లనా, ఏదీ కాదా, నాకు తెలియదు. తెలియకపోవడంతోనే అలసిపోయాను.

కొట్టాన్ని ఊరి చివరకు మార్చాను. తొడుగులు వేసుకుంటున్నాను, నూలు జారినా సరే. నా కూతురికి మళ్లీ మూడో నెల. మొన్న మా అమ్మ ఉసిరికాయలు ఒళ్లో పెట్టుకుని, "ఈసారి మందు కాయాల్నా, వద్దారా?" అని అడిగింది. అందుకే మళ్లీ అడుగుతున్నాను.

కాలేజీ సార్లూ, మెడకు పసుపు నూలుపోగు ఉన్న సీసా మీ దగ్గరే ఎక్కడో ఉంది. దాంట్లో ఏముందో చెప్పండి. ఏమీ లేకపోతే లేదని చెప్పండి. పారబోశామంటే ఆ మాటే చెప్పండి, మళ్లీ నీళ్లు పట్టి ఇస్తాను. బూట్లు కట్టుకుంటూ కాదు, నా ముఖం చూసి చెప్పండి.