మధ్యాహ్నం స్పా, మాపటికి మంథని

ఈ ప్రయాణం మా అమ్మాయి మౌనిక నా ఫోన్‌కు పంపిన ఒక కూపన్‌తో మొదలైంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఆ పిల్లకు నాన్న నడుము నొప్పి, అమ్మ మోకాళ్ల నొప్పి రెండూ తెలుసు. గోదావరిఖనిలో ఒక హోటల్ మూడో అంతస్తులో కొత్తగా స్పా తెరిచారట, మా ఇద్దరికీ కలిపి గంటన్నర మసాజ్ బుక్ చేసేసింది. వద్దనే అవకాశం కూడా ఇవ్వలేదు. మేముండేది శ్రీరాంపూర్ కాలనీలో. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన రాజయ్య ముప్పై మూడేళ్లుగా భూగర్భ గనిలో టింబర్‌మన్, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దిమ్మెలు నిలబెట్టే మనిషి. వచ్చే నెలాఖరుకు రిటైర్ అవుతాడు.

కూపన్ చూడగానే నాకు స్పా కంటే ముందు మంథని గుర్తుకొచ్చింది. ఎనిమిదేళ్ల కింద గని కప్పు నుంచి ఒక పెళ్ల ఊడి ఆయన నడుము మీద పడింది. ఆయన్ను పైకి తెచ్చేదాకా గని గేటు దగ్గర నిలబడి, మనిషి తన కాళ్ల మీద నడిచి ఇంటికొస్తే పొద్దు గూకే వేళ నీ గోదావరి ఒడ్డున ఇద్దరం కలిసి దీపం పెడతామని మంథని గౌతమేశ్వరుడికి మొక్కుకున్నాను. మనిషి నడిచి వచ్చాడు. మూడు నెలలకు మళ్లీ గనిలోకి కూడా దిగాడు. దీపం మాత్రం ఇంతవరకు పెట్టలేదు. మొక్కు సంగతి ఆయనకు చెప్పనూ లేదు. చెబితే నాకేమైంది, మంచిగనే ఉన్న గద అంటాడు, అక్కడితో ఆ మాట అయిపోతుంది. మొక్కు తీరకుండా ఆయన ఈ చివరి నెల గనిలోకి దిగడం నాకు ఇష్టం లేదు. ఎంతో బతిమాలితే ఒక్క రోజు లీవు పెట్టాడు. ఆ ఒక్క రోజులోనే స్పా, మంథని రెండూ కావాలి. చిన్న సీసాలో గానుగ నువ్వుల నూనె, రెండు ప్రమిదలు, వత్తులు నా సంచిలో అడుగున పెట్టుకున్నాను.

మీరు కూడా ఇలాగే పోవాలనుకుంటే దారి కష్టమేమీ కాదు. శ్రీరాంపూర్ నుంచి గోదావరిఖని బస్సులు దండిగా ఉంటాయి, ఇందారం మీదుగా గోదావరి బ్రిడ్జి దాటితే అరగంట కూడా పట్టదు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ఆయనకు మాత్రం టికెట్ కొట్టారు. దానికి ఆయన బస్సు దిగేదాకా సణిగాడు. పన్నెండున్నరకు చౌరస్తాలో దిగి, ఒక మెస్సులో ఎనభై రూపాయలకు పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసుతో భోజనం చేశాం. పచ్చిపులుసు బాగుంది. ఆ రోజు సాఫీగా జరిగిన పని అదొక్కటే.

స్పాకు ఒంటిగంటన్నరకే చేరాం. రెండు గంటలకు మొదలుపెడితే మూడున్నరకు అయిపోతుంది, ఐదులోపు మంథనిలో ఉండొచ్చని నా లెక్క. డిసెంబరు ఆఖరు, పావు తక్కువ ఆరుకల్లా పొద్దు గూకుతుంది. రిసెప్షన్ గోడ మీద ధరల పట్టిక ఉంది. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని పై నుంచి కిందిదాకా చదివాడు. ఒక చోట బొగ్గు ఫేస్ ప్యాక్, ఏడు వందలు అని రాసి ఉంది. అక్కడ ఆగిపోయాడు.

"ముప్పై మూడేండ్ల సంది సబ్బు పెట్టి కడుక్కుంటున్న. ఇప్పుడు ఏడు నూర్లిచ్చి పూసుకోవాలెనా?" అన్నాడు. అది గని బొగ్గు కాదని, ముఖానికి మంచిదని అక్కడి ఆవిడ ఎంతో ఓపికగా చెప్పింది. బొగ్గు బొగ్గే అన్నాడు ఈయన. ఆవిడ పేరు సుజాత, నలభై ఏళ్లుంటాయి, మసాజ్ చేసేది కూడా ఆవిడే. ఆడవాళ్లకు ఆమె, మగవాళ్లకు మరొక ఆయన ఉన్నారు.

గదిలో పక్కపక్కనే రెండు బల్లలు, తెల్లటి దుప్పట్లు, ఎక్కడినుంచో సన్నగా వేణువు, మల్లెల వాసన. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన బల్ల వైపు చూడనే లేదు. పైకి చూశాడు. పైన లైట్లు పెట్టి అందంగా చేసిన ఫాల్ సీలింగ్. ఒక్క నిమిషమని బయటికి పోయి, వరండాలో మూలకున్న బూజు కర్ర పట్టుకొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే దాన్ని తిరగేసి, నా బల్లకు సరిగ్గా పైన కప్పు మీద కొట్టాడు. డబ్, డబ్ అని మోగింది.

గనిలో టింబర్‌మన్ ఎక్కడ అడుగుపెట్టినా మొదట చేసే పని ఇదే. కర్రతో కప్పును కొట్టి వింటారు. గట్టి చప్పుడొస్తే రాయి నిలుస్తుంది. గుల్లగా మోగితే పెళ్ల ఊడేలా ఉందని అర్థం. గనిలో అది ప్రాణం నిలిపే విద్యే, కాదనను. కానీ కూతురు డబ్బు పెట్టి బుక్ చేసిన గదిలో, పరాయివాళ్ల ముందు బూజు కర్రతో నిలబడితే నాకు తల కొట్టేసినట్టయింది.

"గుల్లగ మోగుతున్నది. దీని కింద పండకు," అన్నాడు నాతో.

సుజాత మాత్రం నవ్వు ఆపుకుంటోంది. ఆమెది రామకృష్ణాపూర్. "మా నాయన గూడ బాయి పనే చేసిండక్క. ఇప్పటిదాంక మా ఇంట్ల ఫాల్ సీలింగ్ పెట్టనిస్తలేడు," అంది. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. పైన అసలు స్లాబు ఉందని, ఇది వట్టి అట్టలాంటిదని ఆమె వివరించింది. చూపించమన్నాడు ఈయన. హోటల్ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. ఏసీ పక్కన ఒక పలక తీయించి, స్టూలు ఎక్కి, ఫోన్ లైటు వేసి లోపలి స్లాబు చూసి, దాన్ని కూడా కొట్టి విని, అప్పుడు సరేనన్నాడు. అయినా మనసు ఒప్పక నా బల్లను రెండు బారలు జరిపించి దూలం కిందికి పెట్టించాడు. ఇదంతా అయ్యేసరికి గడియారం రెండూ నలభై. ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు.

మోకాళ్లకు ఆవిరి పట్టాలని సుజాత నన్ను పక్క గదికి తీసుకెళ్లింది. పోతూ పోతూ నా సంచి ఆయనకు అప్పజెప్పాను. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆవిరి అయ్యాక తిరిగొచ్చి దూలం కింది బల్ల మీద పడుకున్నాను, అప్పటికే ఆయన నడుము మసాజ్ అయిపోయింది. మసాజ్ సంగతి అడిగితే, నిజంగా బాగుంది. సుజాత చేతుల్లో మహిమ ఉంది, మోకాళ్లు పదేళ్లు వెనక్కి పోయాయి. కానీ మనసంతా గడియారం మీద ఉంటే ఏం సుఖం? మధ్యలో మూడు సార్లు టైమెంత అని అడిగాను. మూడోసారి ఆమె నా తలను మెల్లగా దిండుకు అదిమి, ఫికర్ చెయ్యకక్కా అంది.

బయటపడేసరికి నాలుగుంబావు. మంథనికి పోయి రావడానికి పద్దెనిమిది వందలకు కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ తిరుపతి నన్ను అక్క అని, ఆయన్ను బావ అని వరస కలిపేసి, గంటలో దించుతానని మాటిచ్చాడు. ముప్పై అయిదు కిలోమీటర్లే, ఇబ్బందేమీ లేదు. మా ఆయన ముందు సీట్లో కూర్చుని, నడుము అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నూనె మంచిగ ఉండె, నడుము అల్కగైంది, బరువు దిగినట్టుంది అన్నాడు. ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

సెంటినరీ కాలనీకి దగ్గర్లో బండ్లన్నీ ఆగి ఉన్నాయి. పైనుంచి తవ్వే ఓపెన్ కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ ఉందని ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. పది నిమిషాలేనక్కా అన్నాడు తిరుపతి. ఆ పది నిమిషాలు ఊరుకోవచ్చు కదా? మా ఆయన దిగి జెండా మనిషి దగ్గరికి పోయాడు. ఎన్ని రంధ్రాలు పెట్టారు, ఎంత పేలుడు మందు నింపారు, ఎవరిది షిఫ్టు, మీ సార్ ఎవరు, ఇవీ ముచ్చట్లు. దూరంగా ధడధడమంది, దుమ్ము లేచింది, జెండా దించారు, బండ్లన్నీ కదిలాయి. ఈయన కదల్లేదు. తిరుపతి హారన్ మీద హారన్ కొట్టాడు. చివరికి నేనే దిగి, జల్ది రాకపోతే నేనొక్కదాన్నే పోతానని చెప్పి లాక్కొచ్చాను. గుడి ఏడన్న పోతదా అన్నాడు కారెక్కుతూ. గుడి పోదు, పొద్దు పోతుంది. ఆ మాట అనబోయి పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను, అనేస్తే మొక్కు సంగతి బయటికొస్తుంది.

మంథని ఊరు దాటి గోదావరి దారి పట్టేసరికి ఐదున్నర. గౌతమేశ్వరుడి గుడి నది ఒడ్డునే ఉంటుంది. చలికాలం సాయంత్రాలు జనం పల్చగా ఉంటారు, దర్శనం ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కొబ్బరికాయ, పూలు గుడి ముందే దొరుకుతాయి, నలభై రూపాయలు. మేం దర్శనం చేసుకుని మెట్ల దగ్గరికి దిగేసరికి సూర్యుడు నీళ్లకు జానెడు ఎత్తులో ఉన్నాడు. దేవుడు నా వైపే ఉన్నాడనుకున్నాను. గబగబా ప్రమిదలు తీశాను, వత్తులు వేశాను, సీసా మూత తిప్పాను.

సీసా ఖాళీ. అడుగున ఒక చుక్క మెరుస్తోంది.

ఒలికిందేమోనని సంచి తడిమాను. సంచి పొడిగా ఉంది. తలెత్తి చూస్తే మా ఆయన నిమ్మళంగా నిలబడి ఉన్నాడు. ఆ నూనెనా, మసాజ్ చేసే ఆయనకిచ్చిన అన్నాడు. వాళ్ల మల్లెపూల నూనె తలనొప్పి తెప్పించిందట. సంచిలో నువ్వుల నూనె కనిపించేసరికి, దవాఖానలో డాక్టరు నువ్వుల నూనె రాయమన్న మాట గుర్తుపెట్టుకుని నేనే తెచ్చాననుకున్నాడట. సీసా మొత్తం నడుముకు పట్టించుకున్నాడు.

పొద్దున్నుంచీ బిగబట్టిందంతా అప్పుడు బయటపడింది. గుడి అని కూడా చూడలేదు. అది మొక్కు నూనె అని, ఎనిమిదేళ్ల నాటి మొక్కు అని, గని గేటు దగ్గర నిలబడి నీ కోసం మొక్కిన మొక్కు అని, కప్పులు కొట్టుకుంటూ జెండాలతో ముచ్చట్లు పెట్టుకుంటూ దాన్ని నీ నడుముకే పూసుకున్నావని, నోటికొచ్చిందంతా అనేశాను. మెట్ల మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు మావైపు తిరిగారు. మా ఆయన ముఖంలో రంగు మారింది.

"ఎనిమిదేండ్ల సంది నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు మెల్లగా.

"ఎప్పుడు చెప్పాలె?" అన్నాను. "ఫస్ట్ షిఫ్టయితే ఇంటికొచ్చి తిని పంటివి, రాత్రి ఏడింటికి లేస్తివి. నైట్ షిఫ్టయితే డ్యూటీకి పోవాలెనని మాపంత పంటివి. పొద్దు గూకేటప్పుడు నువ్వు బాయిలన్న ఉంటివి, నిద్రలన్న ఉంటివి. ఎవ్వరిని తోల్కొని రావాలె నేను?"

నా చేతిలో ఖాళీ సీసా అలాగే ఉంది. గుడి మెట్ల పైనుంచి ఇదంతా వింటున్న పూజారి, తరతరాలుగా ఆ గుడి కొలువులోనే ఉన్న మంథని కుటుంబం వాడు, లోపలికి పోయి ఒక చెంబు పట్టుకుని దిగి వచ్చాడు. "నూనె గుడిల ఉన్నదమ్మా. పొద్దే ఆగదు, కానియ్యిన్రి," అన్నాడు. ఎవరి క్షేమానికి మొక్కారో ఆ మనిషికే చేరింది కదా, దోషమేమీ లేదని కూడా అన్నాడు. నాకు కోపం తగ్గలేదు గానీ ఆ మాటకు కొంచెం ఊపిరాడింది.

మా ఆయన చెంబు అందుకుని రెండు ప్రమిదల్లో తనే నూనె పోశాడు. గాలికి అగ్గిపుల్లలు రెండు ఆరిపోయాయి. మూడోదానికి ఆయన రెండు చేతులూ అడ్డంపెట్టాడు, నేను వెలిగించాను. రెండో వత్తి అంటుకునేసరికి సూర్యుడు సగం నీళ్లలో ఉన్నాడు. నేను మెట్టు మీద కూలబడ్డాను. ఆయన కూర్చోబోతూ ఆగి, అలవాటుగా నా తల పైకి ఒకసారి చూశాడు. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. అప్పుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గోదావరి అంతా ఎర్రబడి, మెల్లగా నల్లబడేదాకా కళ్లార్పకుండా చూశాడు.

"రోజు గిట్లనే ఉంటదా?" అని అడిగాడు.

రోజూ ఇలాగే ఉంటుందని చెప్పాను.

తిరిగి వస్తుంటే కార్లో ఒక సంగతి తట్టింది. స్పాలో ఆయన కొట్టి చూసింది నా బల్ల మీది కప్పును. తన బల్ల పైన ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. సిగ్గుతో, తొందరతో చచ్చిపోతూ నేను అది చూడనే లేదు. నేను ఎనిమిదేళ్లు ఆయన కోసం ఒక మొక్కు మోసుకుని తిరిగాను, ఆయన ముప్పై మూడేళ్ల గని అలవాటుతో ఎక్కడికి పోయినా నా తల మీది కప్పు చూసుకుంటూ తిరిగాడు, ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు. అలాగని ఆ నలభై నిమిషాలు నేను క్షమించానని కాదు. మౌనికకు ఫోన్ చేసి మొత్తం చెప్పి, మళ్లీ కూపన్ పంపితే ఫాల్ సీలింగ్ లేని చోటుకు పంపమన్నాను.

మీరు వెళ్తే స్పా పొద్దున పదింటికే పెట్టుకోండి, మధ్యాహ్నమంతా దారికి వదిలేయండి, నాలుగున్నరకల్లా గోదావరి ఒడ్డున ఉండండి. గుడికి తీసుకెళ్లే నూనె సీసా ఎందుకు తెచ్చారో పక్కన ఉన్న మనిషికి బయలుదేరేముందే చెప్పండి. మాలాగా ఎనిమిదేళ్లు ఆగకండి.