గడప దాటని డబ్బా

మా అమ్మాయి పోయి నెలయింది. విషజ్వరం, నాలుగే రోజులు. నేను ఐదో తరగతి వరకే చదివాను, తప్పులుంటే సర్దుకోండి.

వాళ్ల నాన్న ఆటోనగర్‌లో లేతు మిషను దగ్గర గుండె పట్టుకుని కూలబడితే, గ్యాస్ అనుకుని సోడా తాగించాం. సాయంత్రానికి ఆయన లేరు. అప్పటినుంచి దానికి ఒకటే పట్టుదల. గుండెపోటో గ్యాసో ఒక్క రక్తపు బొట్టుతో అక్కడికక్కడే తేలిపోవాలి.

కాలేజీ ల్యాబులో గోరంత బిళ్ల మీద, దువ్వెన పళ్లలా, కంటికి ఆనని పలకలు చెక్కేది. నాకు అర్థం కావాలని స్కేలుని బల్ల అంచున సగం బయటికి పెట్టి, పలక ఇలా ఉంటుందని చూపించింది.

"దీని మీద ప్రొటీన్ పూస్తానమ్మా. గుండె దెబ్బతింటే రక్తంలోకి ఒకటి వస్తుంది. అదొచ్చి దీన్ని పట్టుకుంటే పలక వంగుద్ది."

"నా నడుంలాగానా?"

"నీ నడుం ఎవరూ పట్టుకోకుండానే వంగిందిగా!"

పూత పూసేటప్పుడు మే నెలలో కూడా ఫ్యాను వేసుకునేది కాదు. పూత ఆరితే మళ్లీ మొదటికే అనేది. సెలవులకి ల్యాబు మూస్తే, పూసిన బిళ్లల్ని నీళ్ల మందులో ముంచి, డబ్బాలో పెట్టి, ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉంచింది.

ఆసుపత్రి మంచం మీద కూడా అదే ధ్యాస. "అమ్మా, వారం లోపల డబ్బా మా ల్యాబు సార్ చేతికివ్వు. తర్వాత ప్రొటీన్ పనిచెయ్యదు."

"నువ్వే ఇద్దువుగానిలే," అన్నాను. మర్నాడు పోయింది.

మూడోరోజు గుర్తొచ్చి డబ్బా తీశాను. పామర్రు నుంచి వచ్చిన మా ఆడపడుచు అడ్డం నిలబడింది.

"మైలలో గడప దాటతావా? పెద్దకర్మ కానియ్."

"పాడైపోద్దంట వదినా."

"పిల్లే పోయింది, డబ్బా ఎంత?"

ఆవిడని అనడం ఎందుకు? తిరిగి ఫ్రిజ్‌లో పెట్టింది నా చేతులే. సార్‌నే రమ్మని ఫోన్ చెయ్యొచ్చని నాకు తోచనే లేదు. నా కూతురి ఆఖరి మాట కన్నా నాకు మైల ఎక్కువైంది.

పన్నెండో రోజున తీసుకెళ్లాను. ఆలస్యమైందని సార్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మా అమ్మాయితో చదివే పిల్ల బిళ్లని మిషనులో పెట్టి, దాని మీద ఆసుపత్రి నుంచి తెచ్చిన గుండెపోటు మనిషి రక్తపు బొట్టు వేసింది. గోడకున్న గళ్ల కాగితం మీద పలకకి తగిలి వచ్చిన ఎర్ర లైటు చుక్క పడింది.

"పలక వంగితే ఆ చుక్క జరుగుద్దండీ ఆంటీ."

చూశాం. చుక్క ఉన్న గడిలోనే ఉంది.

"రోజులు ఎక్కువయ్యాయమ్మా," అన్నారు సార్, నా వైపు చూడకుండా.

ఆ పిల్ల లైటు ఆపబోతే, ఇంకాసేపు ఉంచమన్నాను. ఉంచింది.