ఇరవై నిమిషాల నీళ్ళు

మా వాళ్ళలో ఎవరింట శుభకార్యమైనా, భోజనాలయ్యాక ఈ కథ ఒకసారి బయటికొస్తుంది. నేను నర్సుగా చేరిన కొత్తలో ఊరికి వచ్చి కాలిన గాయాల గురించి అంత వివరంగా చెప్పినా మా పెద్దమ్మ చెవిన పెట్టలేదనీ, అందుకే చెయ్యి పాడుచేసుకుందనీ చిన్నాన్న చెబుతాడు. అందరూ నవ్వుతారు. శుద్ధ అబద్ధం. పెద్దమ్మ విన్నది. ఆ ఊళ్ళో నా మాట అక్షరాలా విన్న మనిషి ఆవిడొక్కతే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇప్పుడు మాత్రం ఏం తక్కువ అంటాడు మా ఆయన. ఆయన్ను ఎవరూ అడగలేదు.) విరుదునగర్‌లో నేను పనిచేసే ఆసుపత్రికి వెంబకోట్టై వైపు నుంచి బాణసంచా పనివాళ్ళూ, వంటింట్లో కాలిన ఆడవాళ్ళూ వస్తూనే ఉండేవారు. ఒకరు ఇంకు పోసుకుని, ఒకరు ఇడ్లీ పిండి పూసుకుని, ఇంకొకరు టూత్‌పేస్టు మెత్తుకుని. మా పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి, కాలగానే ఏం చేయాలో తేల్చిన పరిశోధనలన్నీ చదివి, గింజలేవో తాలేదో చెరిగి, ఊళ్ళలో చెప్పడానికి ఒక్క పేజీ రాసుకురమ్మంది. నెల రోజులు కూర్చున్నాను. గళ్ళు గీసి పట్టిక కట్టాను. పద్ధతి సరిగా లేని వ్యాసాలను నిర్దయగా కొట్టేశాను. మిగిలినవన్నీ ఒక్కచోటికే వచ్చాయి: కాలిన చోట పారే చల్లని నీళ్ళు ఇరవై నిమిషాలు, ఇంకేదీ పూయకూడదు. తిరుత్తంగల్‌లో అచ్చాఫీసులో పనిచేసే మా మేనమామ దాన్ని బొమ్మతో రంగుల పటంగా వేయించాడు. దేవుళ్ళ కేలండర్లు వేసిన చెయ్యి కదా, కొళాయిలోంచి నీళ్ళు శివుడి జటలోంచి గంగ దిగినట్టు దూకుతున్నాయి.

ఆ పటం పట్టుకుని కోవిల్‌పట్టి అవతల మా ఊరికి వెళ్ళాను. చుట్టూ తమిళం, మధ్యలో మా తెలుగు మాట్లాడే నల్లరేగడి ఊరు. కొళాయికి పది రోజులకొకసారి నీళ్ళొస్తాయి. ఆ బిందెలు మోసి పెరిగినదాన్నే, పటం గీయించేటప్పుడు మాత్రం ఆ సంగతి గుర్తే రాలేదు. పంచాయతీ వరండాలో ఆడవాళ్ళంతా చేరారు. పక్కింటి అత్త ఆ కొళాయి బొమ్మ ఒకటి ఇంట్లో తగిలించుకుంటానంది, చూస్తేనే దాహం తీరుతోందట. నవ్వులు ఆగాక, నన్ను ఎత్తుకుని పెంచిన పెద్దమ్మ మెల్లగా అడిగింది.

"అదిసరే పాపా, ఇరవై నిమిసాలు ఓడే నీళ్ళు మన వీదిలో ఏ కొళాయిలో వస్తాది?"

"నీళ్ళ కరువుకు కలెక్టరుకు మనవి రాసుకో పెద్దమ్మా. నేను సైన్సు చెప్పేదానికి వచ్చినా. నువ్వు ఆ ఇడ్లీ మావు పూసేది మానుకో, అది చాలు."

అంతా ఘొల్లున నవ్వారు. పెద్దమ్మ కొంగు సర్దుకుని, ఇక పూయను లెమ్మంది. నేను గెలిచాననుకున్నాను. (వాదనలో గెలవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. దానికింకా ఎవరూ మందు కనిపెట్టలేదు.)

మూడు వారాలకు పెద్దమ్మ మా ఆసుపత్రికే వచ్చింది. గంజి వారుస్తుంటే గిన్నె జారి మోచేతి దాకా కాలిందట. అప్పటికే రెండు రోజులైంది. బొబ్బలు చితికి, చీము పట్టింది. వార్డులో అందరి ముందూ కేకలేశాను, మళ్ళీ ఏం పూసుకున్నావు, పిండా, టూత్‌పేస్టా అని.

"ఏమీ పూయలేదే. నువ్వు పూయొద్దంటివే." తప్పు చేసిన పిల్లలా చెప్పింది. "నీళ్ళు వచ్చి తొమ్మిది నాళ్ళాయె. ఒక బిందె ఉండింది. రెండు చెంబులు పోసుకుంటి. మిగిలింది మీ పెద్దనాయనకూ ఆవుకూ వద్దా?"

పిండి మంచిదని ఇప్పటికీ అనను. కానీ ఆవిడ చేతిలో ఉన్నదాన్ని లాక్కుని, దానికి బదులు నేనిచ్చింది ఒక బొమ్మ. కేకలు ఆపి కట్టు కట్టాను.

ఆ సాయంత్రం పట్టిక మళ్ళీ తీశాను. నీళ్ళు ఎంతసేపు పోశారో ఉంది, ఎంత చల్లగా ఉన్నాయో ఉంది. అవి ఎక్కడి నుంచి వస్తాయన్న గడి నేను గీయనేలేదు. పెద్ద డాక్టరమ్మకు అంతా చెప్పాను, తిట్టి ఉంటే బాగుండేది. పోయి ఆ కొళాయి సంగతి అడిగినావిణ్ణే అడుగు అంది, అంతే. అడిగాను. కింద గంగాళం పెట్టుకుని, అందులో పడిన నీళ్ళనే చెంబుతో మళ్ళీ మళ్ళీ పోసుకుంటే కాదా అంది పెద్దమ్మ మంచం మీది నుంచే. నీళ్ళు శుభ్రమైనవైతే, పారే నీళ్ళంత కాకపోయినా రెండు చెంబుల కన్నా ఎంతో మేలని డాక్టరమ్మ ఒప్పుకుంది. కొత్త పటంలో కొళాయి పోయి గంగాళం వచ్చింది. మేనమామ తన గంగను తీసేశానని నెల రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నర్సింగు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నోరు తగ్గలేదు గానీ, ఎవరైనా నా మాటకు మారు చెప్పకుండా సరే అంటే మాత్రం గుండె జారుతుంది. పెద్దమ్మకు ఎనభై దాటాయి. చర్మం ముడుచుకుపోయి ఆ చెయ్యి పూర్తిగా చాపలేదు. అప్పట్లో పదిహేను రోజులు కట్టు నేనే మార్చాను. మార్చిన ప్రతిసారీ ఒక మాట అడగాలనుకునేదాన్ని, ఆవిడేమో జొన్నచేను కబుర్లు చెబుతూ నన్నే ఓదార్చేది. ఊరందరితో తగవులాడే నాకు ఇన్నేళ్ళయినా ఆ ఒక్కటీ నోట రాలేదు. అంతమందిలో తనను నవ్వులపాలు చేసిన పిల్ల మాట, అంత మంటలో, పిండిగిన్నె చేతికందే దూరంలోనే ఉండగా, ఆవిడ ఎందుకు విన్నట్టు?