బోణీ ప్రశ్న

శుక్రవారం మొదటి గంట అంటే గురువారం మధ్యాహ్నం నుంచే నాకు భయం పట్టుకునేది.

రంగంలో, అంటే రంగూన్‌లో, ఒక కాలేజీలో నేను కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరుని. గాజు గొట్టాలు కడిగేవాడికి కాస్త పైన, పాఠం చెప్పేవాడికి బాగా కింద. ఆ ఏడు కొత్తగా ఒక నియమం పెట్టారు. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం చదివేవాళ్ళు కూడా వారానికో గంట సైన్సు వినాలట. ఆ గంట తీసుకోవడానికి పెద్ద ప్రొఫెసర్లెవరూ ముందుకు రాలేదు. తూకం అయ్యాక కొసరు వేసినట్టు దాన్ని నా మీద వేశారు. సంవత్సరం చివర నన్ను ఉంచేదీ పంపేదీ ఈ క్లాసు చూసి తేలుస్తామని కూడా అన్నారు.

బోటాటౌంగ్‌లో, రేవు పక్కన, మా నాన్నకి చిల్లర కొట్టు. ఎండుమిరపకాయలకి వచ్చినవాడికి చింతపండు కూడా అంటగట్టడం నాకు పదేళ్ళకే వచ్చు. బేరంలో నాకు తిరుగులేదని నా నమ్మకం. కానీ ఈ క్లాసులో వాళ్ళు ఏదీ కొనడానికి వచ్చినవాళ్ళు కాదు. బలవంతాన కూర్చోబెట్టిన అరవై మంది. నేను ఆక్సిజన్ అంటే ఒకడు కిటికీలోంచి పడవలు చూసేవాడు, ఇంకొకడు ఒళ్ళో నవల పెట్టుకునేవాడు. నల్లబల్ల వైపు తిరిగితే వీపంతా చెమట. ఏ క్షణాన ఎవడు నవ్వుతాడో అని చెవులు వెనక్కే ఉండేవి.

అందుకని కొట్టు పద్ధతి ఒకటి క్లాసులోకి తెచ్చుకున్నాను. పొద్దున్నే వచ్చిన మొదటి బేరాన్ని మా నాన్న వట్టి చేతులతో పంపడు. అడిగిన సరుకు లేకపోతే అలాంటిదే ఇంకోటి చేతిలో పెడతాడు, ధర తగ్గించి అయినా. బోణీ చెడితే ఆ రోజంతా చెడినట్టే ఆయనకి. నేనూ అలాగే, క్లాసులో వచ్చిన మొదటి ప్రశ్నని జవాబు లేకుండా పంపకూడదని పెట్టుకున్నాను. ఒక్కసారి తడబడ్డానంటే అరవై మందీ లేచిపోతారని భయం.

కొన్ని వారాలు బాగానే నడిచింది. ఇనుము తుప్పెందుకు పడుతుంది, సబ్బుకి నురగెందుకు వస్తుంది, ఇలాంటివి అడిగేవారు. ఒక శుక్రవారం మూడో వరసలోంచి చరిత్ర విద్యార్థి ఒకడు లేచాడు. కాలువ మీద లాంచీలో వెళ్ళే ట్వంటే అనే ఊరివాడు. తండ్రి చికాకోలు, అదే శ్రీకాకుళం, వైపు నుంచి వచ్చిన పడవ మనిషి, తల్లి ట్వంటే కుమ్మరుల ఇంటి బర్మా అమ్మాయి. కాలేజీలో వాణ్ణి కుండల దొర అనేవారు.

"సయా," అన్నాడు. బర్మా వాళ్ళు మాస్టారుని పిలిచే పిలుపు అది. "సీసం కలిపిన మెరుగుపూత వేసిన జాడీలో పులుపు నిలవ పెడితే, తిన్నవాళ్ళకి ఏమైనా అవుతుందా?"

"చూశావా, కెమిస్ట్రీ కూడా వీడికి కుండలోనే కనబడుతుంది!" అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు.

నాకు జవాబు తెలియదు. తెలియదని అనడానికి నోరు రాలేదు. "ఏమీ కాదు. ఆవంలో కాలాక సీసం గాజైపోతుంది. గాజుని పులుపు ఏం చేస్తుంది?" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే నాకే నిజమనిపించింది.

"మంచి మాట చెప్పారు సయా," అన్నాడు వాడు. మొహం తేటపడింది. ఆ తేటదనం చూసి నేను అనుమానపడాల్సింది. చింతపండు అడిగిన మనిషిని మా నాన్న పులుసుకా, ఇత్తడి తోమడానికా అని అడగందే కాయితంలో కట్టడు. నేను ఎందుకు అడుగుతున్నావు అని కూడా అనలేదు.

ఆ మధ్యాహ్నం లైబ్రరీలో వేరే దేనికోసమో వెతుకుతుంటే మందుల గురించీ విషాల గురించీ ఉన్న పుస్తకం ఒకటి చేతికొచ్చింది. సీసం దగ్గర ఆగాను. సరిగా కాలని పూత అయితే పులుపులో సీసం దిగుతుంది. తిన్నవాళ్ళకి కడుపులో మెలిపెట్టే నొప్పి, ముఖం పాలిపోవడం, మణికట్టు చచ్చుబడడం. చిగుళ్ళ అంచున సన్నటి నీలి గీత. ముదిరితే ప్రాణమే పోతుంది. ఆ పేజీ మూడుసార్లు చదివాను. మూడోసారికి అక్షరాలు కదిలాయి.

కుర్రాడి గది దగ్గరికి పరుగెత్తాను. మధ్యాహ్నం లాంచీకే ఊరెళ్ళిపోయాడన్నారు, అమ్మకి ఒంట్లో బాగాలేదట.

నిజం చెప్పాలి. వచ్చే శుక్రవారం దాకా ఆగితే ఏం అనే ఆలోచన కూడా వచ్చింది. తప్పు చెప్పానని ఊరూరా తిరిగి చాటుకునే మాస్టారిని ఎవరు ఉంచుకుంటారు? ఆ ఆలోచనతోనే కొట్టుకి వెళ్ళాను. మా నాన్న మిరపకాయల గోనె కుట్టుకుంటున్నాడు. జరిగింది చెప్పాను.

"ఏట్రా, తెలీని సరుకు తెలిసినట్టు అమ్మీసేవా?" అన్నాడు సూది ఆపకుండా.

"బోణీ కదా నాన్నా, వట్టి చేతుల్తో ఎలా పంపను?"

"బోణీకి పాత బెల్లం ఇస్తాం గానీ ఎలకల మందు ఇస్తామేటి? ఎల్లు. రేపు మొదటి లాంచీకి ఎల్లు. నువ్వు ఇచ్చిన సరుకు, నువ్వే ఎనక్కి తెచ్చుకో."

మర్నాడు లాంచీలో కాలువ పొడవునా కూర్చున్న చోట కూర్చోలేకపోయాను. ఎదురొచ్చే ప్రతి పడవలోనూ తెల్లగుడ్డ కప్పిన మనిషి పడుకున్నట్టే అనిపించింది. అన్నీ ధాన్యం బస్తాలే. అయినా ప్రతిదానికీ లేచి చూశాను.

కుమ్మరుల వీధిలో ఆ ఇల్లు సులువుగానే దొరికింది. వాకిలంతా కుండలు బోర్లించి ఉన్నాయి. నీడలో ఒకావిడ, వాడి అమ్మే అయుండాలి, కూర్చుని, చేతిలో ఆరిపోయిన చుట్ట పట్టుకుని ఉంది. ముఖం పిండిలా తెల్లగా ఉంది. కుర్రాడు ఆవానికి కట్టెలు తేవడానికి వెళ్ళాడని వీధిలోనే చెప్పారు. నేనెవరో చెప్పేలోపే ఆవిడ భర్త దగ్గర నేర్చిన తెలుగులో మొదలెట్టింది.

"రంగం కొట్టా? ఏటి కావాల? చిన్నవా పెద్దవా?"

వంటింటి గుమ్మం పక్కన జాడీ కనిపించింది. ఆకుపచ్చ మెరుగు, మూతికి గుడ్డ కట్టి ఉంది. పులియబెట్టిన వెదురు కొమ్ముల వాసన వాకిలి దాకా వస్తోంది. "అది," అన్నాను.

"అది అమ్మేది కాదు. నా కూర జాడీ. మూడేళ్ళుగా నాదే."

వెళ్ళి మూతి గుడ్డ విప్పాను. "దీని పూత మంచిది కాదమ్మా. సరిగా కాలలేదు. చూడండి, లోపలి అంచున మెరుగు పోయి గరుకైపోయింది. దాంట్లోది తినకూడదు."

ఆవిడ నా వంక చూసి నవ్వడం మొదలెట్టింది. "కొట్టువాళ్ళంతా ఇంతే! ముందు సరుకుని తిడతారు. గరుకంటారు, వంకరంటారు, పగులంటారు. ఆ తరవాత సగానికి అడుగుతారు. మా ఆయన కూడా నన్ను అలాగే తిట్టి చేసుకున్నాడు!"

ఆవిడన్నది నిజం. పుట్టిన దగ్గర్నుంచీ నేను కొన్న ప్రతి వస్తువునీ ముందు తిట్టే కొన్నాను. ఇప్పుడు వచ్చిన మాటలు కూడా అవే, ఆ గొంతుతోనే. నన్ను ఎవరు నమ్ముతారు?

ఆవిడ ఇంకా గట్టిగా నవ్వింది. నోరు పూర్తిగా తెరుచుకుంది. కింది పళ్ళ మొదట్లో, చిగుళ్ళ అంచున, సిరాతో గీసినట్టు సన్నటి నీలి గీత.

పుస్తకంలో చదివినప్పుడు అది అచ్చులో ఉంది. ఇక్కడ అది నవ్వుతోంది. ఆవిడ ఎదురుగా కుండల మధ్య కూర్చున్నాను.

"ఎంతకిస్తారు?" అన్నాను.

ఆవిడ ఆట పట్టించడానికే ఒక ధర చెప్పింది. వాకిట్లో సగం కుండలు వచ్చే ధర. జేబులోంచి తీసి ఆవిడ ముందు పెట్టాను. తగ్గించమని ఒక్క మాట అనలేదు.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. డబ్బు వంక చూసింది, నా వంక చూసింది, జాడీ వంక చూసింది. చుట్ట చేతిలోంచి జారింది.

"బేరం ఆడలేదు," అంది మెల్లగా. "రంగం కొట్టువాడు బేరం ఆడలేదు. ఏటది? ఏటుంది అందులో?"

అంతసేపూ నేను ఒక్కణ్ణే పడిన భయం అప్పుడు ఆవిడ ముఖంలోకి వచ్చింది. అలా వచ్చినందుకు నాకు కాస్త ఊరటగా అనిపించింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కుర్రాడు కట్టెలతో వచ్చేసరికి నేను జాడీని గుంటలో బోర్లిస్తున్నాను. వాడితో, వాళ్ళమ్మ ఎదుటే, "నిన్న నీకు చెప్పింది తప్పు. నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాను," అన్నాను. వాడి మొహం గట్టిపడింది. కట్టెలు కింద పడేసి, "రాత్రి కూడా తినిపించాను సయా. మీరు చెప్పారని," అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. సాయంత్రం లాంచీలో ఆవిణ్ణి రంగం ఆసుపత్రికి తెచ్చాం. దారంతా ఆవిడ పొట్ట పట్టుకుని కళ్ళు మూసుకునే ఉంది. వాడు నా వైపు చూడలేదు.

తరవాతి శుక్రవారం మూడో వరసలో ఆ చోటు ఖాళీగా ఉంది. క్లాసులోకి వెళ్ళగానే, ఏ పాఠమూ మొదలెట్టకుండా, "పోయిన వారం నేను చెప్పిన జవాబు తప్పు," అన్నాను. సీసం సంగతి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఎవరూ నవ్వలేదు. నవల కుర్రాడు నవల మూశాడు. అది గౌరవమో జాలో తేల్చుకునే ఓపిక లేదు. నా చూపంతా ఆ ఖాళీ చోటు మీదే. ఆసుపత్రి నుంచి రెండు రోజులుగా ఏ కబురూ లేదు. అడగడానికి వెళ్ళే ధైర్యమూ లేకపోయింది.

గంట సగం గడిచాక తలుపు తెరుచుకుంది. వాడు. చొక్కా నలిగి ఉంది. కూర్చోలేదు, నిలబడే అడిగాడు.

"సయా, అమ్మ అడగమంది. ఆవం ఇంకా ఎక్కువ కాలిస్తే ఆ పూత మంచిదవుతుందా? అవునంటే ఇంటికెళ్ళగానే కాలుస్తుందట. నిన్నటి నుంచి గంజి తాగుతోంది, నర్సులతో దెబ్బలాడుతోంది."

అప్పటి దాకా ఊపిరి పీల్చానో లేదో నాకు గుర్తు లేదు. ఆ రోజు అదే మొదటి ప్రశ్న. అరవై మందీ నా నోటి వంక చూస్తున్నారు. చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టాను.

"నాకు తెలియదు," అన్నాను. "కనుక్కుని వచ్చే శుక్రవారం చెప్తాను. అప్పటిదాకా కాల్చొద్దని చెప్పు."

వాడు తలూపి, మూడో వరసలో తన చోట కూర్చున్నాడు.