ఫలితం ముందే చెప్పకూడని ఇల్లు

మా మామగారు పోయారు. మొన్న ఆషాఢంలో, ఫ్రాన్సులో సైకిలు రేసు ఇంకా నడుస్తుండగానే పోయారు. కబురు చెప్పడానికి నేనే అందరికీ ఫోన్లు చేశాను. సగం మంది "అయ్యో, ఎంత మంచి మనిషండీ" అన్నారు. మిగతా సగం మంది ఆయనతో ఒక్కసారైనా మాట్లాడినవాళ్ళు. వాళ్ళు "అవునా" అని ఊరుకున్నారు.

చదివేవాళ్ళు ఏమీ అనుకోవద్దు. పోయినవాళ్ళ గురించి రాస్తూ వాళ్ళను దేవుళ్ళను చెయ్యడం నాకు చేతకాదు. ఆయన నోరు మహా చెడ్డది. నా నోరూ అంతకంటే మంచిదేం కాదు కాబట్టే ఆ ఇంట్లో ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చాను. ఆయన వల్ల నాకు జరిగిన మేలు చాలా ఉంది. అది కూడా తిట్లలో కలిపే ఇచ్చారు.

మాది ప్రేమపెళ్ళి. వాళ్ళది తెనాలి వైపు. మామగారు కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరై, అత్తగారు పోయాక మియాపూర్‌లో కొడుకు దగ్గరికి వచ్చేశారు. మాది రాయదుర్గం పక్క ఊరే. ఇప్పుడు అద్దాల టవర్లున్న చోట మా తాత జొన్న వేసేవాడు. కాపురానికి వచ్చిన మొదటి రోజు నేను పప్పుచారు కాచి వడ్డించాను. ఆయన ఒక ముద్ద తిని కొడుకు వైపు తిరిగి, "ఏరా, ఇది పప్పుచారా, చేతులు కడిగిన నీళ్ళా?" అన్నారు.

నేను ఊరుకుంటానా? "చేతులు కడిగిన నీళ్ళు ఇంకా చిక్కగుంటయి మామయ్యా, తెస్త ఆగుండ్రి" అన్నాను. మా ఆయన కంచంలో తల దూర్చేశాడు. మామగారు ఇంకో గరిటె పోయించుకున్నారు.

ఆ తర్వాత చాన్నాళ్ళు మా ఇద్దరికీ మాటల్లేవు. టీవీ మాత్రం ఉండేది. అది మే నెల, ఇటలీ రేసు నడుస్తోంది. క్రికెట్టు కాదు, కబడ్డీ కాదు, పొద్దస్తమానం సైకిళ్ళు. నేను ఆఫీసు నుంచి వచ్చి సోఫా చివర ఫోను పట్టుకుని కూర్చుని, అటు కూడా ఓ కన్నేసేదాన్ని. అంతమంది గంటల కొద్దీ తొక్కుతారు, చివరికి గెలిచేది ఒక్కడు. ఒకరోజు ఆపుకోలేక అడిగేశాను.

"ఆ ఎన్కున్నోళ్ళకు సిగ్గనిపియ్యదా మామయ్యా? గెలిచేది లేనప్పుడు ఎందుకు తొక్కుడు?"

"మీ ఆఫీసులో అందరూ గెలుస్తున్నారా ఏవమ్మా? నువ్వెందుకు పోతున్నావు రోజూ?" అన్నారు.

ఒళ్ళు మండింది, నిజమే కనక. అప్పటికి రెండుసార్లు నా ప్రమోషను నా పక్క సీటువాడికి పోయింది. ఆ రోజు నుంచి ఫోను పక్కన పడేసి చూడటం మొదలుపెట్టాను.

ఆటంతా ఆయనే నేర్పారు. రేసంటే మూడు వారాలు, రోజుకో ఊరి దాకా పందెం, దాన్నే స్టేజి అంటారు. జట్టుకు ఒకడే దొర, మిగతావాళ్ళు మోతగాళ్ళు. దొరకు ఎదురుగాలి తగలకుండా వాళ్ళు ముందుండి తొక్కుతారు. వెనక కారు దగ్గరికి పోయి నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకుని తెచ్చి అందిస్తారు. కొండ మొదలయ్యేసరికి వాళ్ళ ఊపిరి అయిపోతుంది, దొర వాళ్ళ వంక చూడకుండా వెళ్ళిపోతాడు. "అంతేనా?" అంటే, "అంతే. జీతం తీసుకున్నాడుగా" అనేవారు.

జాలి అనేది ఆయన దగ్గర లేదు. ఎవడైనా పడి మోచేయి చీరుకుపోయి రోడ్డు మీద కూర్చుంటే, "లే నాయనా లే, ఏడుపు సీరియల్ వేరే ఛానల్లో వస్తుంది" అనేవారు. ఇప్పటి కుర్రాళ్ళు చెవిలో రేడియో పెట్టుకుని, కారులో కూర్చున్నవాడు తొక్కమంటే తొక్కి, ఆగమంటే ఆగుతారని మహా కోపం. "మెదళ్ళు కారులో పెట్టొచ్చారు వెధవలు." అన్ని రేసులూ ఒక్కడే ఎగరేసుకుపోతుంటే, "వీడు గెలవడం వార్త కాదు, వీడికి జలుబు చేస్తే వార్త" అనేవారు. మందులు వాడి దొరికిపోయిన పాత చాంపియన్ ఒకడి పటం ఒకప్పుడు ఆయన గోడ మీద ఉండేదట. మోసం బయటపడ్డ రోజున దాన్ని దించి ఆవకాయ జాడీ కింద వేశారు. నేను వచ్చేటప్పటికి నూనె ఇంకి ఆ మొహంలో ఒక్క కన్నే మిగిలింది. పారేద్దామంటే ఒప్పుకోలేదు. "ఉండనీ, రోజూ కారం తగలాలి" అన్నారు.

మనవాళ్ళనూ వదల్లేదు. ఆదివారం పొద్దున్నే బిగుతు బట్టలేసుకుని గచ్చిబౌలి వైపు గుంపుగా పోయే మా ఐటీ వాళ్ళను బాల్కనీ నుంచి చూసి, "లక్షల సైకిలెక్కి ఇడ్లీకి పోతున్నారు, నడిచెళ్ళినా అరుగును" అనేవారు. వాళ్ళలో మా మేనేజరు కూడా ఉన్నాడని చెబితే ఎంత సంతోషపడ్డారో! పేరు పెట్టి పిలిచి మరీ ఇడ్లీ వేడిగా ఉందా అని అరిచారు.

ఆ కఠినమైన మనిషికి ఒక్కడంటే ప్రాణం. వాడో బెల్జియం మోతగాడు. ఇన్నేళ్ళలో ఒక్క స్టేజీ కూడా గెలవలేదు. మామగారు వాడిని పేరుతో పిలిచేవారు కాదు, "మా గాడిద" అనేవారు. చొక్కా నిండా సీసాలతో వాడు తెర మీద ఒక్క క్షణం కనబడితే చాలు, కుర్చీలో ముందుకు వచ్చేవారు. "చూడు, చూడు, పొట్టా వీపూ సీసాలే గాడిదకి!" ఎందుకంత ఇష్టం అని అడిగితే, "ఇష్టమని నీతో ఎవరన్నారు?" అని కసిరారు. ఈ ఏడాదితో వాడు రేసులు మానేస్తున్నాడని వార్త వచ్చిన రోజు ఆయన భోజనానికి లేవలేదు. "అయితే ఈ జూలై ఒక్కటే" అన్నారు. వాడు ఒక్కసారి గెలిస్తే కళ్ళారా చూడాలని ఆయన కోరిక. నోరు తెరిచి అనలేదు గానీ, ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు.

ఇక ఆ ఇంటి నియమం గురించి చెప్పాలి. ఆఫీసు పని తెమిలి, రాత్రి నేను రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి మియాపూర్ చేరేసరికి ఆ రోజు స్టేజి అయిపోయేది. పెళ్ళయిన ఏడు ఆషాఢంలో నన్ను పుట్టింటికి పంపారు. పుట్టిల్లంటే ఎంత దూరం, ఆటో ఎక్కితే వచ్చేస్తుంది. ఫ్రాన్సు రేసు మొదలైన రోజు ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. అదే ఆయన నాకు చేసిన మొదటి ఫోను.

"ఏవమ్మా, ఇవాళ్టిది చూశావా?"

"లేదు మామయ్యా, ఇప్పుడే వచ్చిన."

"చూడకు. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకో. నువ్వొచ్చాక మొదటినుంచీ వేసుకుందాం" అని పెట్టేశారు.

నెలంతా అలాగే ఆగారు. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. నేను ఇంటికొచ్చేదాకా ఆయన టీవీ పెట్టరు. వార్తలు కనబడతాయని మధ్యాహ్నమే ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టేవారు. నేను వచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఇద్దరం కూర్చుని, ఏమీ తెలియని మొహాలతో మొదటినుంచీ చూసేవాళ్ళం. మా అమ్మానాన్నలు కూడా నాకోసం అంతసేపు ఆగి ఎరుగరు.

ఒకసారి మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే, "పసుపు జెర్సీ వాడు పడిపోయాడట కదా" అన్నాడు. రేసులో అందరికంటే ముందున్నవాడు వేసుకునేది ఆ జెర్సీ. మామగారు టీవీ ఆపారు. లేచి, మా ఆయన కోసం వడ్డించిన కంచం తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేశారు. "చూడబోయేవాడికి ఫలితం చెప్పడమంటే నోటిదగ్గర ముద్ద లాక్కోవడంరా. నీకూ తెలియాలి" అన్నారు. కన్నకొడుకు ఆ పూట బయట తిన్నాడు. మళ్ళీ ఎప్పుడూ పొరపాటు చెయ్యలేదు. అదే పై అంతస్తు పెద్దాయన లిఫ్టులో అడిగితే మాత్రం మామగారు చివరి మలుపు దాకా పూసగుచ్చినట్టు చెప్పేవారు. అదేంటి, ఆయనకెట్లా చెప్పారని నేను అడిగాను. "ఆయన ఎటూ చూడడుగా. చూడనివాడికి చెబితే తప్పేంటి?" అన్నారు.

ఈ జూలైలో రేసు మొదలైన వారానికి ఆయనకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి నిమ్ము చేరింది, తర్వాత కిడ్నీలు. ఐసీయూలో పెట్టారు. సాయంత్రం కాసేపే లోపలికి రానిచ్చేవారు. మొహానికి మాస్కు, దాని కిందనుంచి ఒక్కో మాటా వచ్చేది. రోజూ అడిగేది ఒక్కటే.

"ఎన్ని పోగయ్యాయి?"

"శానా అయినయి మామయ్యా. నేను గూడ చూస్తలేను. మీరు ఇంటికొచ్చినంక ఇగ ఇల్లు కదిలేది లేదు, అన్నీ వరుసగ చూసుడే."

ఆ మాటకు ఆయన కళ్ళు మూసుకుని తల ఊపేవారు. సూదులు పొడుస్తున్నా, పైపులు వేస్తున్నా నోరెత్తని మనిషి, ఆ జవాబు కోసం మాత్రం సాయంత్రం దాకా కాచుకునేవారు. నేను నిజంగానే చూడలేదు. ఆఫీసులో ఎవరైనా రేసు మాట ఎత్తితే లేచి పోయేదాన్ని. చూస్తే ఆయన ఇంటికి రారని నాకేదో పిచ్చి భయం.

ఆ సాయంత్రం డాక్టరు మమ్మల్ని బయటే ఆపాడు. "లాభం లేదండి. చూడాల్సినవాళ్ళుంటే పిలిపించుకోండి" అని, ఇంకొకరి ఫైలు చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు మాత్రం తెలియనివ్వకూడదని మేమిద్దరం అక్కడే అనుకున్నాం. మొహాలు తుడుచుకుని లోపలికి వెళ్ళాం. నేను నా రోజూ జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన అడిగేలోపే మా ఆయన మంచం మీదికి వంగి, తండ్రి చెయ్యి పట్టుకుని అన్నాడు.

"నాన్నా! మీ గాడిద గెలిచాడు నాన్నా! నిన్నటి స్టేజి వాడిదే!"

ఆ గొంతులో ఎంత సంతోషముందో! ఫస్టు మార్కు తెచ్చుకున్న చిన్నపిల్లాడిలా చెప్పాడు.

మామగారు నవ్వలేదు. కొడుకు మొహం వంక చూశారు, చాలాసేపు చూశారు. తర్వాత తల నా వైపు తిప్పారు.

"డాక్టరు ఎన్నాళ్ళన్నాడు?"

"ఏమనలే మామయ్యా. రేపో ఎల్లుండో రూముకు మారుస్తరంట" అన్నాను.

"నువ్వు అబద్ధం కూడా పప్పుచారు లాగే కాస్తావు" అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "నువ్వు చూశావా?"

"లేదు. ఒట్టు, చూడలే."

"చూసెయ్. నాకోసం ఆగకు."

అంతే. ఆ తర్వాత మాట్లాడలేదు. మా ఆయన అయోమయంగా మా ఇద్దరి వంకా చూస్తూ నిలబడ్డాడు. తానేం చెప్పాడో వాడికి అప్పటికీ అర్థం కాలేదు. మర్నాడు మధ్యాహ్నం లోపే ఆయన పోయారు. వీధిలో బోనాల డప్పులు మోగుతున్నాయి. అంబులెన్సు కోసం గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాం.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర మా ఆయన అందరికీ చెప్పాడు. నాన్న ఆఖరి కోరిక తీరిందని, సంతోషవార్త విని పోయారని. "పుణ్యాత్ముడివి బాబూ, మంచి పని చేశావు" అని పెద్దవాళ్ళు వాడి భుజం తట్టారు. నేను చేతిలో సాంబారు బకెట్టుతో ఆ మాటలన్నీ విన్నాను. ఆ బకెట్టు అక్కడే పారేసి, ఆయనకు చావు కబురు చెప్పింది నువ్వేరా అని అరవాలనిపించింది. అరవలేదు. వాడు తండ్రి మీద ప్రేమతోనే చెప్పాడు, అది నాకు తెలుసు. తెలిసినా నాకు వాడి మీద కోపం పోలేదు. ఇది అచ్చయితే వాడూ చదువుతాడు. చదవనీ.

నిన్న సాయంత్రం ఒక్కదాన్నే కూర్చుని ఆ స్టేజి వేశాను, మొదటినుంచీ. అంతా వాన. ముందు వెళ్ళిన గుంపులో మా గాడిద ఉన్నాడు. ఇంకెవరికోసం గాలి కాస్తున్నాడో అలవాటు కొద్దీ కాస్తూనే ఉన్నాడు. ఒక్కొక్కడే రాలిపోయారు. ఆఖరికి మా గాడిద ఒక్కడే మిగిలాడు. వాడు గీత దాటుతూ చేతులెత్తలేదు. తల వంచుకుని దాటి, కంచెకు ఆనుకుని సైకిలు దిగాడు. రేడియో వానకు పాడైందట, ముందు ఇంకా ఎవరో ఉన్నారనుకుంటున్నాడట, వ్యాఖ్యాత నవ్వుతూ చెబుతున్నాడు. తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన వాళ్ళ మనిషిని వాడు అడిగాడు, ఎవరు గెలిచారని.

"చూసిన్రా మామయ్యా, మీ గాడిదకు గెలిచింది గూడ తెల్వది!" అని నేను పైకే అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు. ఇంత మాట ఎవరూ ఆయనకు చెప్పలేదు. గెలిచాడని ఒక్క ముక్క చెప్పారు, ఇదంతా చెప్పకుండా మిగిల్చేశారు.

తువ్వాలు మనిషి వేలు చాపి వాడి రొమ్ము వైపు చూపించాడు. బురద మొహంతో మా గాడిద వెనక్కి తిరిగి చూశాడు, వేలు చూపిస్తున్నది ఇంకెవరినో అనుకుని.